నడుము ఉందా, లేదా

డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చదివినవాళ్లకు స్పాటర్లంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ప్రాక్టికల్ పరీక్ష రోజున బల్ల మీద సీసాలు వరసగా పెడతారు. విద్యార్థి ఒక్కో సీసా ముందు రెండు నిమిషాలు నిలబడి, లోపలి జంతువు పేరు, వర్గం, విభాగం, గుర్తించిన లక్షణాలు రాసి పక్కకు జరగాలి. నేను పనిచేసిన చోట ఏడో నంబరు సీసా మీద 'ఫలాంజియం – హార్వెస్ట్‌మన్' అని చీటీ ఉండేది. హార్వెస్ట్‌మన్ అంటే సాలీడులా కనిపించినా సాలీడు కాని ఎనిమిది కాళ్ల పురుగు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆ చీటీ అంచులు పసుపెక్కి ఉన్నాయి. లోపల చిన్న శరీరం, దారాల్లాంటి ఎనిమిది కాళ్లు. పదకొండేళ్లు ఆ సీసాను పరీక్షలో పెట్టాను. ఫలాంజియం అని రాసినవాళ్లకు మార్కులు వేశాను, సాలీడు అని రాసినవాళ్లకు సున్నా వేశాను.

పన్నెండో ఏడు ఒక అమ్మాయి రికార్డులో దాని బొమ్మ గీస్తూ ఆగిపోయింది. "సార్, హార్వెస్ట్‌మన్‌కు నడుము ఉండదని నిన్న చెప్పారు. దీనికి ఉంది" అంది. నేను చెప్పింది నిజమే. పుస్తకంలో ఉన్నది చెప్పాను. భూతద్దం పెట్టి చూస్తే తలభాగానికీ పొట్టకూ మధ్య సన్నని నడుము, పొట్ట చివర దారం తీసే అవయవాలు స్పష్టంగా కనిపించాయి. అది మన ఇళ్లలో బీరువా వెనక, అటక మూలన చిందరవందరగా గూడు అల్లుకుని, ముట్టుకోబోతే గూడుతో సహా ఊగిపోయే పొడుగుకాళ్ల సాలీడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్న సామెత నా ప్రయోగశాలలోనే పదకొండేళ్లుగా స్పిరిట్‌లో తేలుతోంది. నేను సున్నా వేసిన పిల్లలే సరిగ్గా రాశారు. వాళ్లలో ఒక్కరి పేరైనా ఇప్పుడు గుర్తులేదు, క్షమాపణ చెప్పుకుందామన్నా.

ఈ పాత సిగ్గును ఇప్పుడు బయటపెట్టడానికి కారణం ఒక ఫోను. నా దగ్గర చదువుకుని, ఇప్పుడు జన్యుక్రమాలు చదివే ప్రయోగశాలలో పనిచేస్తున్న కుర్రవాడు కిందటి వేసవిలో పలకరించాడు. మాటల మధ్యలో "ముళ్లు లెక్కపెట్టుకునే రోజులు పోయాయి మాస్టారూ. ఒక కాలు తుంచి ఇస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ డీఎన్ఏ చెప్పేస్తుంది" అన్నాడు. పొగరుతో అన్న మాట కాదు, నమ్మి అన్న మాట. హార్వెస్ట్‌మెన్ వర్గీకరణలో నూరేళ్లుగా జరిగినదంతా తన మాటకు సాక్ష్యమని వాడి ఉద్దేశం. ఆ చరిత్రను నేను వేరుగా చదువుకున్నాను. ఫోనులో చెప్పడం చేతకాలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. హార్వెస్ట్‌మన్ అని ప్రతిసారీ రాయాలంటే కలం అడ్డం తిరుగుతుంది. 1758లో లిన్నేయస్ వీటిలో ఒక జాతికి ఫలాంజియం ఒపీలియో అని పేరు పెట్టాడు. ఒపీలియో అంటే లాటిన్‌లో గొర్రెల కాపరి. 1833లో సుండెవాల్ ఆ మాటనే సాగదీసి మొత్తం క్రమానికి ఒపీలియోనిస్ అన్నాడు. యూరప్‌లో కొన్నిచోట్ల కాపరులు దూరాన ఉన్న మందను కనిపెట్టి ఉండటానికి కర్రకాళ్లు కట్టుకుని నడిచేవారు. ఈ పురుగు నడకను చూసినవాళ్లకు ఆ పోలిక వెంటనే తడుతుంది. నేను దీన్ని కాపరిపురుగు అని పిలుచుకుంటాను. ఎవరికైనా ఇంకా మంచి మాట తోస్తే దాన్నే వాడుకుందాం.

తేలు, సాలీడు, గోమారి, తొలకరికి ఎర్ర మఖమల్ ముద్దలా నేల మీద పాకే ఆరుద్ర పురుగు, వీటన్నిటిదీ అరాక్నిడా విభాగం. కాపరిపురుగులదీ అదే. సాలీడుకు శరీరం రెండు ముక్కలు, మధ్యన నడుము. కాపరిపురుగుకు ముందూ వెనకా కలిసిపోయి ఒకే గింజలా ఉంటుంది. పట్టు తీయదు, విషం లేదు. చాలావాటికి వీపు మీద చిన్న దిబ్బ, దిబ్బకు చెరో పక్కా ఒక కన్ను. రెండో జత కాళ్లు అన్నిటికన్నా పొడవు, వాటితో నడవడం కన్నా ముందున్నదాన్ని తడిమి చూడటం ఎక్కువ. సాలీడు తిండిని కరిగించి పీలిస్తే, ఇది ముక్కలు కొరికి మింగుతుంది. మగ సాలీడు వీర్యాన్ని నోటి పక్కనున్న పెడిపాల్పులతో అందిస్తుంది. మగ కాపరిపురుగుకు నేరుగా లింగమే ఉంది. ఈ చివరి సంగతిని తరగతిలో కాస్త గొంతు తగ్గించి చెప్పేవాడిని, కానీ వర్గీకరణ కథంతా మలుపు తిరిగింది దాని దగ్గరే. ఇప్పటికి పేరు పెట్టిన జాతులు 6,600 పైచిలుకు.

వాటిలో 2,260 జాతులకు, అంటే దాదాపు మూడో వంతుకు, పేరు పెట్టినవాడు ఒకే మనిషి. జర్మనీలోని బ్రెమెన్‌కు చెందిన కార్ల్ ఫ్రీడ్రిష్ రోవర్. 1923లో ప్రపంచంలోని కాపరిపురుగులన్నిటి మీదా వెయ్యికి పైగా పుటల ఉద్గ్రంథం అచ్చువేశాడు. ప్రపంచం నలుమూలల నుంచి సీసాలు ఆయన బల్ల మీదికి వచ్చేవి. ఆయన పద్ధతి లెక్కల పద్ధతి. పాదంలో ఎన్ని ఖండాలున్నాయి, వీపు పలక ఎన్ని భాగాలుగా ఉంది, ఏ భాగం మీద ఎన్ని ముళ్లు, కళ్ల దిబ్బ మీద ముల్లుందా, బొడిపె ఉందా. ఈ అంకెలన్నీ కలిస్తే ఒక సూత్రం. సూత్రం కలవకపోతే కొత్త ప్రజాతి, అంటే దగ్గరి జాతులను కలిపే కొత్త గుంపు. ఒకే ఒక్క జాతి ఉన్న ప్రజాతులు ఆయన చేతుల్లో కుప్పలుగా పుట్టాయి.

ఊళ్లో ప్రతి ఇంటికీ ఎన్ని తలుపులు, ఎన్ని కిటికీలు ఉన్నాయో రాసుకుని, లెక్క కలిసిన ఇళ్లవాళ్లంతా దాయాదులని తేలిస్తే ఎలా ఉంటుంది? అచ్చంగా అలా ఉంది ఆ పద్ధతి. ముళ్లు మగదానికి ఒక తీరు, ఆడదానికి ఇంకో తీరు. ఒకే జాతి మగవాటిలో కూడా పెద్దదానికి బలమైన ముళ్లు, చిన్నదానికి నామమాత్రం. పాదఖండాల సంఖ్య కొన్నిటిలో ఒకే పురుగు కుడికాలికీ ఎడమకాలికీ కలవదు. ఫలితంగా మొగుడొక ప్రజాతిలోకి, పెళ్లాం ఇంకో ప్రజాతిలోకి పోయిన సందర్భాలు ఏర్పడ్డాయి. ఆ ముడులు ఇప్పటికీ పూర్తిగా విప్పలేదు. మన దేశంలోనూ ఆగ్నేయాసియాలోనూ విస్తారంగా ఉన్న గాగ్రెల్లా గుంపులో ఆ చిక్కు మరీ ఎక్కువ.

రోవర్‌ను ఎగతాళి చేయడం సులువు. నా శిష్యుడు ఆ పనే చేశాడు. శరీరాన్ని నమ్ముకుంటే ఇంతే అంటాడు. కానీ రోవర్ శరీరాన్ని ఎక్కడ చూశాడు? శరీరంలో లెక్కకు తేలికగా దొరికే నాలుగు చోట్లు చూశాడు. సీసాలోంచి బయటికి తీసి, కోసి, తెరిచి చూడవలసింది చాలా ఉంది. ఆ పని ఆయన కాలంలోనే మొదలైంది. చెక్ దేశస్థుడు వ్లాదిమీర్ షిల్హవీ 1930ల చివరి నుంచి మగవాటి లింగ నిర్మాణాన్ని వర్గీకరణకు వాడటం మొదలుపెట్టాడు. తర్వాత జర్మనీలో యోఖెన్ మార్టెన్స్ 1970ల్లో ఆ పనిని శిఖరానికి తీసుకెళ్లాడు. నేపాల్ హిమాలయాల్లో తానే తిరిగి సేకరించిన పురుగుల్ని ఒక్కొక్కటీ కోసి, కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, కొస ఎలా వంగి ఉందో గీశాడు. లోపల దాగి ఉండే ఆ అవయవం బయటి ముల్లులా వాన, ఎండ, శత్రువు ఒత్తిడికి ఇష్టం వచ్చినట్టు మారిపోదు. భాగాలు ఎక్కువ కాబట్టి పోల్చడానికి ఆధారాలూ ఎక్కువ. రోవర్ గీసిన సరిహద్దులు కొన్ని అక్కడే కూలిపోయాయి. అప్పటికి కాపరిపురుగు డీఎన్ఏ ఎవరూ చదవలేదు. శరీరం చేసిన తప్పును శరీరమే దిద్దింది.

ఇక డీఎన్ఏ వచ్చాక ఏం జరిగింది? ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

నేడు జీవించి ఉన్న కాపరిపురుగుల్లో నాలుగు ఉపక్రమాలు ఉన్నాయి. సైఫాఫ్తాల్మై అనేవి నేలపొరల్లో బతికే, చూడటానికి పిడుదుల్లా ఉండే పొట్టివి. లానియేటోర్స్ ముళ్లున్న బలమైన పెడిపాల్పులవి, ఉష్ణమండలంలో ఎక్కువ. మిగిలిన రెండు యూప్నోయి, డిస్ప్నోయి. ఈ రెండు పేర్లూ 1904లో హాన్సెన్, సోరెన్‌సెన్ అనే డేనిష్ శాస్త్రజ్ఞులు పెట్టారు. శ్వాసరంధ్రాల తీరును బట్టి ఒకటి బాగా ఊపిరి పీల్చేది, ఇంకొకటి కష్టంగా పీల్చేది అని అర్థం. ఉబ్బసం ఉన్న నాకు ఆ రెండో గుంపు మీద కొంచెం పక్షపాతం. ఈ రెండూ తోబుట్టువులని, రెంటినీ కలిపి పాల్పటోర్స్ అని పిలవాలని 19వ శతాబ్దం నుంచి ఉన్న అభిప్రాయం.

1999లో గొంజాలో జిరిబెట్ బృందం రైబోసోము జన్యువులు రెంటిని, శరీర లక్షణాలను కలిపి చూసి డిస్ప్నోయి అసలు చుట్టరికం లానియేటోర్స్‌తో అంది. పాల్పటోర్స్ అన్న పాత మాట పుస్తకాల్లోంచి తప్పుకోవాలన్నమాట. రెండేళ్లు తిరగకుండా, 2001లో జెఫ్రీ షుల్ట్జ్, జెరోమ్ రెజియర్ వేరే రెండు జన్యువులు చదివి, పాల్పటోర్స్ నిజమైన గుంపే అన్నారు. రెండు పక్షాల చేతుల్లోనూ డీఎన్ఏ ఉంది. ఏ జన్యువును అడిగారన్న దాన్ని బట్టి జవాబు మారింది. 2012లో మార్షల్ హెడిన్ బృందం కణాల్లో పనిచేస్తున్న వందల జన్యువులను ఒకేసారి చదివి పాల్పటోర్స్ వైపే మొగ్గింది. 2017లో ఇంకా ఎక్కువ జాతులతో జరిగిన అధ్యయనం కూడా అదే చెప్పింది. అందులో 1999 నాటి జిరిబెట్ కూడా ఉన్నాడు. తన పాత మాటకు వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని తానే అచ్చువేసుకున్నాడు, అందుకు ఆయనంటే నాకు గౌరవం. కానీ గమనించండి. జన్యువులు పదమూడేళ్లపాటు ఊరంతా తిరిగి, సూక్ష్మదర్శిని తప్ప మరో ఆధారం లేని 19వ శతాబ్దపు మనుషుల గుమ్మం ముందుకే వచ్చి ఆగాయి.

నా శిష్యుడికి చెప్పదలచుకున్న మొదటి మాట ఇదే. డీఎన్ఏ న్యాయమూర్తి కుర్చీలో కూర్చోలేదు, బోనులో నిలబడిన మరో సాక్షి. అడ్డప్రశ్నలు దానికీ తప్పవు.

వాడి పక్షాన చెప్పవలసిందీ చెబుతాను, లేకపోతే నాది కోర్టు పక్షి వాదన అవుతుంది. శరీరం దారుణంగా మోసం చేసిన ఒక కేసు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఉత్తర అమెరికా తూర్పు భాగంలోనూ జపాన్‌లోనూ కాడో అనే చిన్న కాపరిపురుగు ఉంది. కొన్ని మిల్లీమీటర్ల శరీరం, దాని మీద తలంతా తామే అన్నట్టు రెండు బ్రహ్మాండమైన కళ్లు. బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. దక్షిణార్ధగోళంలో, చిలీ, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ అడవుల్లో అక్రోప్సోపీలియో, దాని బంధువులు ఉన్నాయి. అవీ అంతే. అదే పొట్టి శరీరం, అవే గుడ్లగూబ కళ్లు. 1970ల్లో ఇవన్నీ కాడిడే అనే ఒకే కుటుంబంలోకి చేరాయి. ఎవరు చూసినా అదే చేస్తారు. నేనూ అదే చేసి ఉండేవాడిని, పరీక్షలో మార్కులు కూడా వేసి ఉండేవాడిని.

2015లో సెలీనా గ్రో, జిరిబెట్ కలిసి వీటి జన్యువులు చదివారు. కాడో అనుకున్నట్టే యూప్నోయిలో ఉంది. దక్షిణాదివి మాత్రం యూప్నోయి కానే కావు, డిస్ప్నోయి. పెద్ద కళ్లు రెండుచోట్ల వేరువేరుగా పుట్టాయి. డిస్ప్నోయి ఉత్తరార్ధగోళానికే పరిమితమని అప్పటివరకూ ఉన్న నమ్మకం కూడా దాంతో పోయింది. వాళ్లు ఆ దక్షిణాది గుంపుకు కుటుంబ హోదా తిరిగి ఇచ్చారు: అక్రోప్సోపీలియోనిడే. ఆ పేరు ఎవరు పెట్టారు? 1923లో, రోవర్. అందరూ తప్పులు వెతికిన ఆ గ్రంథంలోంచే ఒక పేరు లేచి వచ్చి, తొంభై ఏళ్ల తర్వాత తన ఇంట్లో తాను కూర్చుంది. రోవర్ దాన్ని సరైన కారణంతో వేరు చేశాడని అనను. కానీ పాత పుటల్ని చెత్తబుట్టలో వేసేముందు ఒకసారి తిరగేయాలని మాత్రం అంటాను.

కాడోలో కూడా ఒక చిన్న సంగతి ఉంది. దానికి రెండు జాతులు, ఎజిలిస్, పెప్పరెల్లా. రెండోది మొదటిదానికి ఎదగని పిల్లలా ఉంటుంది. రెండూ అటు అమెరికాలోనూ ఇటు జపాన్‌లోనూ కలిసే దొరుకుతాయి. ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన ఎజిలిసే రెండు దేశాల్లో విడివిడిగా పెప్పరెల్లాగా మారిందా అన్న అనుమానం ఉండేది. 2009లో జన్యువులు చూస్తే జపాన్ పెప్పరెల్లాకు అమెరికా పెప్పరెల్లానే దగ్గర చుట్టం. రెండూ నిజమైన జాతులే. శరీరాన్ని చూసి గీసిన గీత సరైనదే అని డీఎన్ఏ సంతకం పెట్టిన సందర్భం అది. ఇలాంటివి వార్తల్లోకి ఎక్కవు.

యూరప్‌లో ట్రోగులస్ అనే నత్తలు తినే కాపరిపురుగు ఉంది. ఒంటినిండా మట్టి పూసుకుని మట్టిబెడ్డలా పడి ఉంటుంది. వీటిలో ఒక జాతిగా లెక్కేసుకున్నవి జన్యువుల్లో చూస్తే పలు జాతులని తేలాయి. లింగ నిర్మాణంలో తేడా నామమాత్రం. షోన్‌హోఫర్‌తో కలిసి ఆ పనిచేసిన వ్యక్తి ఎవరో కాదు, లింగ నిర్మాణాన్ని నమ్ముకుని జీవితమంతా గడిపిన మార్టెన్స్. డీఎన్ఏ వేరన్నాక ఆయన మళ్లీ సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, కొలతలు తీసి, శరీరంలో తేడా ఎక్కడుందో వెతికాడు. వయసు మీరినవాళ్లు కొత్త పద్ధతులకు ఎదురు తిరుగుతారని అనేవాళ్లకు నేను ఆయన పేరు చెబుతుంటాను.

రోవర్ లెక్కపెట్టిన పాదఖండాల దగ్గరికి మళ్లీ వస్తాను. వర్గీకరణకు అవి నమ్మదగినవి కావని తెలిసింది, సరే. ఎందుకు కావు? 2021లో అమెరికాలో విస్కాన్సిన్‌లోని ప్రశాంత్ శర్మ ప్రయోగశాల ఫలాంజియం ఒపీలియో జన్యుపటం చిత్తుప్రతిని ప్రకటించింది. ఒక కాపరిపురుగుకు అలాంటి పటం తయారవడం అదే మొదటిసారి. పిండదశలో ఈజీఎఫ్ఆర్ అనే ఒక్క జన్యువు నోరు నొక్కేస్తే కాళ్లు పొట్టివయ్యాయి, పాదంలోని చిన్న ఖండాలు మాయమయ్యాయి. అదే జన్యువును నొక్కితే కీటకాల్లోనూ ఇలాంటి మార్పులే వస్తాయి. అంటే ఒక జన్యువు పనితీరు మారితే చాలు, రోవర్ సూత్రంలో అంకె మారిపోతుంది. నూరేళ్ల గొడవకు కారణం పిండంలో దొరికిందని చదివిన రోజున నాకు నిజంగా ఆనందం కలిగింది. అయితే అది తెలియాలన్నా ఎవరో ఒకరు ఆ పురుగు పాదఖండాలు లెక్కపెట్టవలసిందే.

చివరికి కళ్ల సంగతి. ఫ్రాన్స్‌లోని మోంసో-లె-మీన్ దగ్గర దొరికిన, సుమారు 30.5 కోట్ల ఏళ్ల నాటి ఒక కాపరిపురుగు శిలాజాన్ని ఎక్స్‌కిరణాలతో పొరలు పొరలుగా చూస్తే దానికి నాలుగు కళ్లు కనిపించాయి. వీపు మధ్యన రెండు, పక్కలకు రెండు. నేడు జీవించి ఉన్న ఏ కాపరిపురుగుకూ రెండు కళ్లకు మించి లేవు కదా అని, 2014లో దానికోసం టెట్రోఫ్తాల్మై అనే ఐదో ఉపక్రమాన్నే కట్టారు. శిలాజంలో డీఎన్ఏ ఉండదు, దాని చోటు నిర్ణయించడానికి శరీరం ఒక్కటే ఆధారం.

పదేళ్లు గడిచాయి. 2024లో గిలెర్మె గైనెట్, శర్మ బృందం కళ్లు ఏర్పరిచే జన్యువులు ఎక్కడెక్కడ పనిచేస్తున్నాయో ఫలాంజియం ఒపీలియోలో వెతికితే, ఎవరూ అనుకోని చోట్ల అవి కనిపించాయి. అక్కడ చూస్తే కళ్ల ఆనవాళ్లు! మధ్యన ఒక జత, పక్కన ఒక జత. ఎదగకుండా మిగిలిపోయినవి, అయినా నరాలు మెదడులో వెళ్లవలసిన చోటికే వెళ్తున్నాయి. 1758 నుంచి మనిషికి పేరుతో తెలిసిన పురుగు అది. పొలాల్లో, పెరళ్లలో, పాఠ్యపుస్తకాల్లో, నా సీసా మీది చీటీలో కూడా ఉన్నది దాని పేరే. రెండు కళ్లని అందరం చెప్పుకుంటూ వచ్చాం. ఆరున్నాయి. ఆ సంగతి తేలాక శిలాజాన్ని మళ్లీ లెక్కలోకి తీసుకుంటే, నాలుగు కళ్లు ఇక వింత లక్షణం కాదు. ఆ శిలాజం నేడు జీవించి ఉన్న ఒక ఉపక్రమంలోనే ఇమిడింది. కాపరిపురుగులు శాఖలుగా చీలిన కాలం ఇంకా వెనక్కి జరిగింది. జన్యువులు వేలెత్తి చూపించాయి. ఆ వేలు చూపించిన చోట ఉన్నది శరీరం. ఆ శరీరాన్ని పోల్చడానికి దొరికింది 30.5 కోట్ల ఏళ్ల నాటి మరో శరీరం. ఇందులో ఎవరు ఎవర్ని ఓడించారో నా శిష్యుడు చెప్పాలి.

వాడి మాట వినగానే నాకు గుర్తొచ్చినది నిజానికి ఇవేవీ కావు. 2018 సెప్టెంబరు 2 రాత్రి రియో డి జనీరోలో బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడింది. రోవర్ పద్ధతినే అనుసరించి దక్షిణ అమెరికా కాపరిపురుగులకు వందల కొద్దీ పేర్లు పెట్టిన మెలో-లెయితావ్ పనిచేసిన చోటు అది. ఒక జాతికి మొదటిసారి పేరు పెట్టినప్పుడు ఏ శరీరాన్ని ముందు పెట్టుకుని పెట్టారో అది మూల నమూనా. పేరు ఎవరిదని తగాదా వస్తే దాన్నే చూడాలి. అలాంటి సీసాలెన్నో ఆ మంటల్లో పోయాయి. నూరేళ్లు స్పిరిట్‌లో నానిన శరీరంలో డీఎన్ఏ ముక్కలు ముక్కలై ఉంటుంది. ఆ ముక్కల్ని కూడా చదివే పద్ధతులు ఈ మధ్యనే వస్తున్నాయి. చదివించుకోవడానికి ఆ సీసాలు లేవు. రేపు ఆ అడవుల్లో దొరికిన పురుగు జన్యుక్రమం అక్షరం పొల్లు పోకుండా చదివినా, అది మెలో-లెయితావ్ పేరు పెట్టినదేనా అని అడిగితే చూపించడానికి బూడిద ఉంది. సీసాల గదుల్లో ఫ్యాను బాగుచేయించడానికి కూడా డబ్బు మంజూరు కాని చోట్ల నేను పనిచేశాను. ముళ్లు లెక్కపెట్టే రోజులు పోయాయన్న మాట వినడానికి ఆ డబ్బు ఇవ్వనివాళ్లకు చాలా ఇంపుగా ఉంటుంది.

ఈ వ్యాసం సగంలో ఉండగా దసరా సెలవులకు వాడే ఇంటికి వచ్చాడు. అరకు వైపు కాఫీ తోటలో రాతిగోడ మీద దొరికిందని చిన్న గాజు గొట్టం నా చేతిలో పెట్టాడు. భూతద్దం తీసుకుని వసారాలోకి వెళ్లి వెలుతురులో చూశాను. నడుము లేదు. వీపు మధ్యన దిబ్బ, దిబ్బకు చెరో పక్కా ఒక కన్ను, వెనక ఒంటి ముల్లు. కాళ్లు ఏడే ఉన్నాయి. ఎనిమిదోది ఏదని అడిగాను. పట్టుకునేటప్పుడు అదే వదిలేసుకుందని, దాన్ని వేరే గొట్టంలో వేసి ఫ్రిజ్‌లో పెట్టానని, డీఎన్ఏకు ఆ ఒక్క కాలు సరిపోతుందని చెప్పాడు.

"మరి మిగతా పురుగు?"

"అది మీకే మాస్టారూ. చీటీ మాత్రం సరిగ్గా రాయండి."